నిజాం కాలం చూసిన పెద్దల మాటను నమోదు చేయడం ఎలా

1948 సెప్టెంబర్‌లో పదేళ్ల వయసుతో పశువుల వెంట తిరిగినవారికి నేడు ఎనభై ఐదేళ్లు దాటాయి. దొర గడి ముందు వెట్టికి నిలబడినవారు, ఊళ్లో ఆంధ్ర మహాసభ సంఘం పెట్టినవారు, కమ్యూనిస్టు దళాలకు రాత్రిపూట సద్ది మోసినవారు, నిజాం పాలన కోసం ఆయుధాలు పట్టిన రజాకార్లకు భయపడి జొన్నచేలలో పడుకున్నవారు, మిలిటరీ వచ్చాక ఇల్లు విడిచి పట్నం చేరినవారు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. చాలా ఊళ్లలో ఆ ఒక్కరూ లేరు. హైదరాబాద్ సంస్థానంలో 1938 నాటి స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలు 1952 ఎన్నికల వరకు జరిగిన మార్పును సొంత ఊరి స్థాయిలో నమోదు చేయాలనుకునేవారి కోసం, కొన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. చరిత్రలో పట్టా ఉండనక్కరలేదు. ఓపిక, ఒక నోటుపుస్తకం, మాటలు రికార్డు చేయగల ఫోను ఉంటే చాలు.

ఈ పని మొత్తానికి ఆధారమైన నియమం ఒకటుంది. పెద్దలు చెప్పే మాటలో మూడు పొరలు కలిసి ఉంటాయి: తన కళ్లతో చూసినది, ఆ రోజుల్లోనే ఇతరుల నోట విన్నది, తర్వాతి కాలంలో సభల్లో, బుర్రకథల్లో, సినిమాల్లో, మనవల పాఠ్యపుస్తకాల్లో తెలుసుకున్నది. మూడూ విలువైనవే, కానీ మూడింటినీ ఒకే సిరాతో రాస్తే మొత్తం పనికిరాకుండా పోతుంది. నేను నోటుపుస్తకంలో ప్రతి మాట పక్కన "చూ", "వి", "త" అని గుర్తు పెడతాను. ఏ పొరదో తెలియనప్పుడు అక్కడికక్కడే "అప్పుడు నువ్వెక్కడ ఉన్నవు తాతా?" అని అడగాలి. ఈ చిన్న ప్రశ్న ఎవరినీ నొప్పించదు, కానీ దాదాపు ప్రతిసారీ పొరను తేల్చేస్తుంది.

బయలుదేరే ముందు

ముందుగా మీ ఊరు ఆనాడు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో తేల్చుకోండి. నేటి జిల్లా పేరుతో పాత కాగితాలు వెదికేవారికి ఏమీ దొరకదు. కడవెండి, విస్నూరు, పాలకుర్తి గ్రామాలున్న జనగామ తాలూకా సాయుధ పోరాట కాలంలో నల్లగొండ జిల్లాలో ఉండేది. ఖమ్మం 1953 వరకు వరంగల్ జిల్లాలో భాగం. సంస్థానంలోని 16 జిల్లాల్లో తెలంగాణవి ఎనిమిదే; మిగిలిన ఎనిమిదింటిలో ఐదు మరాఠీ ప్రాంతానివి, మూడు కన్నడ ప్రాంతానివి. మునగాల పరగణా మరీ ప్రత్యేకమైనది. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, అది మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందినది. అందుకే చుట్టుపక్కల ఊళ్ల కార్యకర్తలకు అది తలదాచుకునే చోటయింది. మీ ఊరు దానికి దగ్గరైతే, ఎల్లలు దాటి వెళ్లివచ్చిన కథలు తప్పక ఉంటాయి.

రెండో సంగతి, ఊరు ఎవరి కింద ఉండేదన్నది. సర్కారుకు నేరుగా శిస్తు కట్టే దివానీ గ్రామమా, జాగీరా, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ గ్రామమా, లేక స్థిర శిస్తుకు ఇచ్చిన మక్తానా? పటేలు, పట్వారీల అధికారం, పన్ను వసూలు తీరు, ఫిర్యాదు చేయడానికి వెళ్లవలసిన కచేరీ అన్నీ దీన్నిబట్టి మారేవి. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టులో వచ్చింది కనుక, "జాగీరు పోయిన యేడు" అనే మాట వినబడితే అది ఆ తర్వాతి కాలమని గుర్తుపట్టవచ్చు.

మూడోది, ఒక కాగితం మీద గట్టి తేదీలను రాసి జేబులో పెట్టుకోవడం. నా కాగితంలో ఉన్నవి ఇవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభ, అక్కడే సంస్థలో వచ్చిన చీలిక. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఇచ్చిన సాయుధ పోరాట పిలుపు. అదే ఏడాది నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత. సెప్టెంబర్ 13 నుంచి పోలీసు చర్య అని పిలిచే భారత సైన్యం చర్య, 17న నిజాం లొంగుబాటు ప్రకటన. 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ. 1952లో ఎన్నికలు, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం. ఈ కాగితాన్ని పెద్దల ముందు తీయవద్దు. అది మీ కోసం. వారి ఎదుట తేదీలు చదివితే, పరీక్షలో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోతారు.

ఎవరిని అడగాలి

ఊళ్లో అడుగుపెట్టగానే అందరూ ఒకే ఇంటిని చూపిస్తారు. స్వాతంత్ర్య సమరయోధుడిగా పేరుపొందినవారి ఇల్లో, పింఛను అందుకున్నవారి ఇల్లో అది అవుతుంది. అక్కడికి తప్పక వెళ్లండి, కానీ అక్కడితో ఆపవద్దు. ఆ ఇంట్లో కథ చాలాసార్లు చెప్పబడి, చెప్పబడి నునుపుదేలి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 1972లో స్వాతంత్ర్య యోధుల పింఛను ప్రారంభించింది; జైలు జీవితానికో అజ్ఞాతవాసానికో రుజువులు చూపవలసి రావడంతో, ఎందరో తమ జీవితాన్ని ఆ దరఖాస్తుకు సరిపోయే వరుసలో చెప్పడం అలవాటు చేసుకున్నారు. అది అబద్ధమని అనడం లేదు. దరఖాస్తులో చోటు దొరకని సంగతులు పక్కకు జరిగిపోయాయి. మనకు కావలసినవి అవే.

ఊరిని వాడల వారీగా తిరగండి. చాకలివారు, కుమ్మరివారు, మాదిగవారు, మంగలివారు, గొల్లకురుమలు గడికి చేసిన వెట్టి ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకరి కథ మరొకరికి తెలియదు. పటేలు, పట్వారీ కుటుంబాలకు లెక్కల సంగతులు తెలుసు. దొరల కుటుంబాలవారు ఎక్కువగా హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. వారిని కలవడం ద్రోహమేమీ కాదు, గడి లోపల ఆ రాత్రులు ఎలా గడిచాయో చెప్పగలవారు వారే. తండాలను, గూడేలను మరవవద్దు: సైన్యం దళాలను వేటాడిన రోజుల్లో అడవి అంచున ఉన్న కోయలను, లంబాడీలను ఇళ్లు ఖాళీ చేయించి ఒకచోటికి తోలిన జ్ఞాపకం అక్కడే బతికి ఉంది.

ముస్లిం కుటుంబాలను అడగకుండా ఈ చరిత్ర రాయడం తప్పు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపారు. రజాకార్లను ఎదిరించి మాట్లాడినందుకు ఆయన ప్రాణాలు కోల్పోయాడు. మఖ్దూం మొహియుద్దీన్ పోరాట నాయకుల్లో ఒకరు. ఊళ్లోని దూదేకులవారు, కూలిపని చేసుకునే ముస్లింలు గడికి వెట్టి చేసినవారే. "చాచా, మీ ఇల్లు అప్పుడు ఎక్కడుండె?" అని మొదలుపెట్టండి, రజాకార్ల ప్రసక్తి వారే తెచ్చేదాకా మీరు తేవద్దు.

ఆడవారితో విడిగా కూర్చోవాలి. భర్తో కొడుకో పక్కనుంటే అవ్వ "నాకేం ఎరుక, ఆయననే అడుగు" అంటుంది. ఆయన బయటకు వెళ్లాక, కొరియరుగా చీటీ మోసినదీ, కొంగులో కారం పొడి మూటగట్టుకున్నదీ చెబుతుంది. పాలకుర్తిలో తన పంటను విస్నూరు దేశ్‌ముఖ్‌కు, అంటే అక్కడి భూస్వామి దొరకు, దక్కనివ్వని చాకలి ఐలమ్మ పేరు అందరికీ తెలుసు. ప్రతి ఊళ్లోనూ పేరు రాని ఆడవారు ఉన్నారు.

ఎలా అడగాలి

మొదటిసారి వెళ్లినప్పుడు నేనొక పెద్దాయనను, "రజాకార్లు ఎంత దుర్మార్గంగా ఉండేవారు తాతా?" అని అడిగాను. ఆయన ఒక గంటసేపు దుర్మార్గాలు చెప్పాడు. ఇంటికి వచ్చి విన్నాక అర్థమైంది: ఆయన చెప్పిన వాటిలో సగం పక్క జిల్లాలోవి, తాను చూసినది ఒక్కటీ లేదు. తప్పు ఆయనది కాదు. నేను జవాబును ప్రశ్నలోనే పెట్టి ఇచ్చాను. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, "మీ ఊరికి రజాకార్లు ఎటు దిక్కు నుంచి వచ్చిండ్రు? మీరు ఏం చేస్తున్నరు?" అని అడిగితే, చెరువుకట్ట మీద నుంచి వచ్చారని, తాను అప్పుడు మోట తోలుతున్నానని, ఎద్దులను విప్పకుండానే పరుగెత్తానని, సాయంత్రం వచ్చి చూస్తే మోటబొక్కెన బావిలోకి జారిపోయి ఉందని చెప్పాడు. ఆ బొక్కెన కథే నా పుస్తకంలో మిగిలింది.

అందువల్ల రాజకీయాలతో కాక పనితో మొదలుపెట్టండి. వెట్టి గురించి అడగదలిస్తే, "వెట్టిచాకిరీ ఉండేదా?" అనే ప్రశ్నకు "ఉండె" అనే జవాబు తప్ప మరేమీ రాదు. "పొద్దున లేచి గడికి పోతే మొదలు ఏం పని చెప్పేది?" అని అడగాలి. అప్పుడు బట్టలు ఉతికి వడ్లు దంచిన చాకలి ఇంటి కథ, దొర మేనా మోసిన బోయీల భుజం కాయ, గడికి కుండలిచ్చి వంటకు నీళ్లు తెచ్చిన కుమ్మరి, దొర కచ్చురానికి ముందు పరుగెత్తిన మనిషి, మందకో గొర్రెను ఇచ్చిన గొల్ల, చెప్పులూ బొక్కెనలూ ఊరికే కుట్టిచ్చిన మాదిగ ఒక్కొక్కరుగా బయటకు వస్తారు. ఎన్ని రోజులకు ఒకసారి వంతు వచ్చేదో, పోకపోతే ఏమయ్యేదో, వెట్టికి పోయిన రోజు సొంత పొలంలో నీరు ఎవరు కట్టేవారో అడగండి. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. వెట్టి వల్ల పోయినది చెమట ఒక్కటే కాదు, తడి ఆరిపోయిన సొంత మడి కూడా. నాగుకు, అంటే ధాన్యమే వడ్డీగా కలిపి తీర్చే అప్పుకు, తెచ్చిన ధాన్యం ఎంత, తిరిగి కొలిచినది ఎంత అన్నదీ అలాగే అడగాలి. పుట్లు, తూములు, మానికలు అంటూ వారు ఏ కొలత చెబితే దానినే రాయండి. కిలోలలోకి మార్చే పని తర్వాత చూసుకోవచ్చు.

మౌనాన్ని నింపవద్దు. పెద్దలు ఆగినప్పుడు మనకు ఇబ్బందిగా అనిపించి మరో ప్రశ్న వేసేస్తాం. ఆ మౌనం తర్వాత రావలసిన మాట అక్కడే ఆగిపోతుంది. మనసులో ఇరవై లెక్కపెట్టుకోండి.

తేదీని తేల్చడం

ఆధార్ కార్డు మీది పుట్టినతేదీని నమ్మవద్దు. జనవరి 1 అని ఉంటే అది కార్డు రాసినవారు వేసిన తేదీ. పెద్దల దగ్గర వేరే క్యాలెండరు ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఒక అవ్వను పెళ్లెప్పుడయిందని అడిగితే ఆమె ఇలా చెప్పింది: "ఏ యేడో నాకేమెరుక బిడ్డా, లెవీకొచ్చిన జవాన్లు మా పాతర తవ్వుకపోయిండ్రు, ఆ ఎండకాలమే నా లగ్గమైంది." లెవీ, అంటే సర్కారు రైతుల దగ్గర చేసిన నిర్బంధ ధాన్యం వసూలు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలై తర్వాత కూడా సాగింది. అక్కడినుంచి ముందుకు కదిలాం. పెద్దకూతురు కడుపులో ఉండగా మిలిటరీ వచ్చిందట. ఏ మిలిటరీ అని అడిగాను. ఆమె నా వైపు చూసి, "బడిల దిగిన మిలిటరీ గాదు, అంతకుముందుది, జనం దండలేసింది" అంది.

ఆ ఒక్క మాటతో రెండేళ్ల తేడా తేలిపోయింది. ఈ జిల్లాల్లో "మిలిటరీ" అనే మాట వెనుక మూడు వేర్వేరు సైన్యాలు ఉన్నాయి. 1948 సెప్టెంబర్‌కు ముందు రజాకార్లతో కలిసి ఊళ్ల మీదికి వచ్చిన నిజాం సైన్యం, పోలీసులు ఒకటి. సెప్టెంబర్‌లో షోలాపూర్ వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ వచ్చి జనం స్వాగతం అందుకున్న యూనియన్ సైన్యం రెండోది. ఆ తర్వాత కమ్యూనిస్టు దళాల కోసం బళ్లలో, గడుల్లో క్యాంపులు పెట్టి ఇళ్లు సోదా చేసిన సైన్యం మూడోది. రెండోదీ మూడోదీ ఒకే ప్రభుత్వానివైనా, ఊరి జ్ఞాపకంలో వాటి ముఖాలు వేరు. ఎవరైనా "మిలిటరీ కొట్టింది" అంటే ఏ మిలిటరీయో తేలేదాకా పేజీ తిప్పవద్దు.

చంద్రుడూ పండుగలూ మంచి సాక్షులు. 1948 సెప్టెంబర్ 17 శుక్రవారం, భాద్రపద పౌర్ణమికి దగ్గరి రోజు. ఆ తర్వాత రమారమి రెండు వారాలకు బతుకమ్మ వచ్చింది. "నిజాం లొంగిపోయిన రాత్రి కటిక చీకటి, దీపం ముట్టించనీయలేదు" అని ఎవరైనా చెబితే, అది మబ్బు పట్టిన రాత్రి అయి ఉండవచ్చు, లేదా వేరొక రాత్రి ఆ రాత్రితో కలిసిపోయి ఉండవచ్చు. పక్కింటివారిని కూడా అడిగి చూడండి. ఊరి అంగడి ఏ వారమో తెలుసుకుని ఉంచుకోండి. "అంగడి నాడు" అనే మాటతో, నెల తెలిస్తే చాలు, తేదీ నాలుగైదు రోజులకు కుదించుకుపోతుంది. జోడేఘాట్‌లో కొమరం భీం వర్ధంతిని ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకోవడం చూడండి; జనం తిథిని పట్టుకున్నారు.

కాగితాల మీద మీకు ఎదురయ్యేది నిజాం సర్కారు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు శకం వస్తుంది. నిజాం ఇలాకాలో ఫసలీ అక్టోబర్ మొదటి వారంలో ఆజూర్ నెలతో ప్రారంభమయ్యేది కనుక 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ ప్రారంభం వరకు. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. ఈ ఒక్క లెక్క తప్పి, పోలీసు చర్యకు ముందటి రసీదును తర్వాతిదిగా అచ్చువేసిన వ్యాసాలు నేను చూశాను. డబ్బు విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంస్థానంలో చెలామణి అయిన హాలీ సిక్కా వేరు, బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానం. "నూరు రూపాయల అప్పు" అంటే ఏ రూపాయో రాయండి.

పెట్టెలోని కాగితాలు

మాటలు సాగుతుండగా ఎవరో ఒకరు అటక మీది ఇనుపపెట్టె దించుతారు. అందులో పాత పట్టా, శిస్తు రసీదు, జైలు నుంచి వచ్చిన కార్డు, రక్షిత కౌలుదారు సర్టిఫికెట్టు, ఒక గ్రూపు ఫొటో ఉండవచ్చు. ఏ కాగితాన్నీ అడిగి తీసుకువెళ్లవద్దు. వాకిట్లో నీడపట్టున, పగటి వెలుగులో, తెల్లని గుడ్డ మీద పరిచి, పక్కన ఒక స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. వెనుకవైపు ఖాళీగా కనిపించినా దాన్నీ తీయండి, ఎందుకంటే అసలు సంగతి తరచు వెనుక పెన్సిలుతో రాసి ఉంటుంది. మడతలు బలవంతంగా విప్పవద్దు. కాగితాన్ని కాపాడాలనే ప్రేమతో లామినేషన్ చేయించేవారిని ఎలాగైనా ఆపండి. ఆ వేడికీ జిగురుకూ పాత కాగితం పాడైపోతుంది, తిరిగి విడదీయడం సాధ్యం కాదు.

ఉర్దూలో ఉన్న కాగితాన్ని చదివించుకునేటప్పుడు సారాంశం అడగవద్దు. మౌల్వీ సాబునో, పట్వారీ కుటుంబంలోని పెద్దవారినో కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి మొహరు దాకా బయటకు చదవమని కోరి రికార్డు చేసుకోండి. గొలుసుకట్టు రాతలో ఒక పేరును ఇద్దరు రెండు విధాలుగా చదవవచ్చు, రెండూ రాసుకోండి. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి పాత భూమి రికార్డుల నకళ్లకు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. సంస్థాన కాలపు దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఫారసీ, ఉర్దూ భాషల్లోనివి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పోరాట సాహిత్యం, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో పాత పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. 1926లో మొదలైన గోలకొండ పత్రిక పాత సంచికలు ఎక్కడ దొరికినా మీ తాలూకా పేరు కోసం వెదకండి.

ఒక హెచ్చరిక. 1950 కౌలుదారీ చట్టం కింద వచ్చిన హక్కుల మీద ఇప్పటికీ కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. "ఆ చెలక మా నాయన దున్నిండు, పీటీ (రక్షిత కౌలుదారు సర్టిఫికెట్టు) మా పేరున వచ్చింది" అని తాత చెప్పిన మాట రేపు ఒక వకీలు చేతిలో పడవచ్చు. సర్వే నంబర్లను మీ దగ్గర ఉంచుకోండి గాని ప్రచురించవద్దు.

చావుల గురించి అడిగేటప్పుడు

ఇక్కడ తొందర పడితే మనుషుల్ని గాయపరుస్తాం. ఈ చరిత్రలో నాలుగు దిక్కుల నుంచి చావులున్నాయి: దేశ్‌ముఖ్‌ల గూండాల చేతిలో, రజాకార్ల, నిజాం పోలీసుల చేతిలో, దళాల చేతిలో, యూనియన్ సైన్యం చేతిలో. ఐదోది, పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింస. పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో కేంద్రం పంపిన బృందం, తక్కువలో తక్కువగా అంచనా వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని చెప్పింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అది అత్యంత తీవ్రంగా జరిగింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మీ ఊళ్లో ఏమీ జరగకపోయి ఉండవచ్చు. హిందువులే తమ పొరుగువారిని ఇంట్లో దాచిన ఊళ్లూ ఉన్నాయి. అడిగితేనే ఆ రెండూ తెలుస్తాయి.

సంఖ్యలు రాయకండి, పేర్లు రాయండి. సాయుధ పోరాటంలో 4,000 మంది ప్రాణాలర్పించారని, 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు నడిచాయని, 10 లక్షల ఎకరాలు పంచారని పార్టీ లెక్క చెబుతుంది. అది మొత్తం ప్రాంతానికి సంబంధించిన లెక్క. మీ ఊరికి దాన్నుంచి ఒక వాటా తీసి రాయలేరు. బైరాన్‌పల్లి మృతుల సంఖ్య కూడా ఒక్కో రచనలో ఒక్కో తీరుగా ఉంది. ఊళ్లో కూర్చుని, ఇంటి వరుసన "ఈ ఇంట్లో ఎవరు?" అని అడుగుతూ, పేరు, కులవృత్తి, వయసు, చెప్పినవారు ఎవరు అని రాసుకుంటూ పోతే, చివరికి మీ దగ్గర పద్నాలుగు పేర్లుంటాయి అనుకుందాం. ఊళ్లో అందరూ "ఇరవై మంది" అంటారు. మీరు పద్నాలుగే రాయండి, ఊరి మాట ఇరవై అని పక్కన చెప్పండి.

చంపినవారి పేర్లు బయటకు వస్తాయి. వారి మనవలు అదే వీధిలో ఉంటారు, కొన్నిసార్లు వియ్యంకులై ఉంటారు. ఆ పేర్లను రికార్డులో ఉంచి, రాతలో తీసివేయండి. ఆడవారి మీద జరిగిన అత్యాచారాల గురించి మీరుగా ఎన్నడూ అడగవద్దు. వారే చెబితే, ఫోను ఆపమంటారా అని అడిగి, వారు చెప్పినట్టు చేయండి.

సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. విమోచనమని, విలీనమని, సమైక్యతా దినమని, విద్రోహమని పార్టీలు, ప్రభుత్వాలు వేర్వేరు పేర్లు పెట్టాయి. మీ చేతిలోని పేరును పెద్దల నోట పెట్టవద్దు. ఎక్కువమంది "పోలీస్ యాక్షన్" అనే అంటారు, కొందరు "రజాకార్లు పోయిన నాడు" అంటారు, పట్నం చేరిన ఒక ముస్లిం పెద్దామె నాతో "ఆ గడబిడ" అని మాత్రమే అంది. ఎవరి మాట వారిదిగానే రాశాను.

రికార్డు చేయడం

ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి, ఫ్యాను ఆపండి, ఫోనును మెత్తటి గుడ్డ మీద, వారికి మూరెడు దూరంలో ఉంచండి. మొదట మీ పేరు, ఊరు, తేదీ చెప్పి, "ఇది రాసి నలుగురికీ చూపిస్తా, మీకు ఇష్టమేనా?" అని అడిగి, వారి జవాబు వారి గొంతులోనే ఉండనివ్వండి. ఒక పూటకు గంటకు మించి కూర్చోవద్దు. పొద్దున అంబలి తాగిన తర్వాతి వేళ మంచిది, సాయంత్రానికి అలసిపోతారు. అదే రోజు రాత్రి ఫైలుకు తేదీ, ఊరు, వరుస సంఖ్య పెట్టి మూడు చోట్ల దాచండి. మాటలను రాతలోకి మార్చేటప్పుడు యాసను దిద్దవద్దు. "పోయిండ్రు"ను "వెళ్లారు" చేస్తే, ఆ మనిషి మన ముందు నుంచి లేచి వెళ్లిపోయినట్టే.

తిరిగి చదివి వినిపించడం

రాత పూర్తయ్యాక అచ్చుకు పంపే ముందు మళ్లీ ఊరికి వెళ్లి, చెప్పినవారికి మొత్తం చదివి వినిపించాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. కానీ అత్యంత విలువైన దిద్దుబాట్లు ఇక్కడే దొరుకుతాయి, ఎందుకంటే తన మాటను ఇంకొకరి నోట విన్నప్పుడు, జ్ఞాపకం మరోసారి కదులుతుంది. తీసేయమన్నది తీసేయండి, కారణం అడగవద్దు. ఒక కాపీ కుటుంబానికి, ఒకటి ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి. పెద్ద అక్షరాల్లో అచ్చు వేయిస్తే వారి మనవలు చదివి వినిపించగలుగుతారు.

పాతర సంగతి చెప్పిన అవ్వ దగ్గరికి నేను రాసినది తీసుకుపోయినప్పుడు, "జవాన్లు పాతర తవ్వి వడ్లు తీసుకుపోయారు" అనే వాక్యం దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది. "వడ్లు గావు బిడ్డా, జొన్నలు. వడ్లు మాకెక్కడియి, వడ్లన్నీ గడికే పాయె" అంది. నేను ఆమె ముందే ఆ మాట కొట్టివేసి, జొన్నలు అని రాశాను.